రజాకార్లు, పరదేశీ యోధులు, వేరుపడాలనుకున్న రాజ్యం: 1947–48 హైదరాబాదు ఉదంతం – ఇందూరు, బోధన్ కాపరులకు కొన్ని పాఠాలు

ఉపోద్ఘాతం

నిజామాబాదు జిల్లాలో సేవ చేసే కాపరికి "రజాకారు" అన్న మాట కొత్త కాదు. సంఘంలోని వృద్ధులు ఆ పేరు తలచినప్పుడు గొంతు తగ్గిస్తారు. ఎన్నికల సభల్లో మాత్రం అదే పేరు గొంతు పెంచి పలుకుతారు. పొరుగువాడితో తగవు వస్తే తిట్టుగానూ వాడతారు. ఒకే మాట భయానికీ, ప్రచారానికీ, తిట్టుకూ పనికివస్తున్నదంటే, దాని అసలు అర్థం మరుగున పడిందని మనం గ్రహించాలి.

మతం పేరుతో ఆయుధం పట్టిన దళాలు ప్రాంతీయ వేర్పాటు పోరాటాల్లో ఎలా పుడతాయి? వాటిలో పరదేశీ యోధుల పాత్ర ఎంత? ఈ ప్రశ్నలకు జవాబు కోసం సాధారణంగా కాశ్మీరు వైపో, చెచెన్యా వైపో చూస్తాం. కాని అటువంటి ఉదంతం ఒకటి మన ఇంటి ముందే జరిగింది. 1947 ఆగస్టు నుండి 1948 సెప్టెంబరు వరకు హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరకుండా వేరుగా నిలబడాలని ప్రయత్నించింది. ఆ పదమూడు నెలల చరిత్రను మొదట పదాల నిర్వచనంతోనూ, తరువాత సంఘటనల క్రమంతోనూ, చివరగా సంఘానికి వర్తించే విషయాలతోనూ ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. ముందుగా పదాల విషయం

ఇస్లాం ఒక మతం. ఇస్లామిజం, అంటే రాజకీయ ఇస్లాం, ఆ మతాన్ని రాజ్య నిర్మాణానికి పునాదిగా చేయాలనే ఇరవయ్యవ శతాబ్దపు సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని నమ్మినవారిలో కూడా ఆయుధం పట్టినవారు కొద్దిమందే. ఈ మూడింటినీ కలిపి మాట్లాడటం ప్రసంగ పీఠం మీద తరచుగా జరిగే పొరపాటు.

వేర్పాటువాదం వేరే విషయం. ఒక ప్రాంతం తన భాష, జాతి, రాజవంశం, మతం వంటి ఏదో ఒక ఆధారంతో వేరే రాజ్యంగా ఉండాలని కోరడం అది. ఇక పరదేశీ యోధుడు అంటే, తనకు పౌరసత్వం గాని బంధుత్వం గాని లేని దేశంలోని యుద్ధానికి, మతాభిమానంతో గాని భావజాలంతో గాని వచ్చి చేరినవాడు. జీతానికి వచ్చినవాడిని కిరాయి సైనికుడు అంటాం. తరతరాల క్రితం వచ్చి స్థిరపడినవాడిని పరదేశీ యోధుడు అనడం సరికాదు. ఈ చివరి తేడా హైదరాబాదు విషయంలో ఎంత ముఖ్యమో ముందు చూస్తాం.

2. చెరకు సీమ నేపథ్యం

నేటి నిజామాబాదుకు పాత పేరు ఇందూరు. మంజీరా నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరు ఈ జిల్లా ముఖచిత్రాన్ని మార్చింది. ఆ జలాశయ నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నీటి వెంట చెరకు వచ్చింది, చెరకు వెంట 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి భూములు కొని, నేటికీ "క్యాంపులు" అని పిలిచే ఊళ్లు కట్టుకున్నారు. మరాఠీ మాట్లాడేవారు, ఉర్దూ మాట్లాడే ఉద్యోగులు, తెలుగు కూలీలు, లంబాడీలు అందరూ ఆ కర్మాగారం చుట్టూ చేరారు. బోధన్‌లో "బయటివాడు ఎవరు" అని అడిగితే, చాలామంది ఏదో ఒక కాలంలో బయటి నుండి వచ్చినవారే అని చెప్పవలసివస్తుంది.

క్రైస్తవ సంఘం కూడా ఆ నేలలోనే వేళ్లూనింది. మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని స్థాపించారు. స్థానిక హిందూ దాత రాజా నర్సాగౌడ్ అందుకు సహాయం చేశారు. ముస్లిం ప్రభువు పాలనలో, హిందూ దాత చేయూతతో, క్రైస్తవ వైద్యురాలు అన్ని మతాల రోగులకూ సేవ చేసిన స్థలం అది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు సంఘాలు మెదక్ అధ్యక్ష మండలంలో భాగమయ్యాయి. అంటే సంఘ ఐక్యతను మనవారు జరుపుకొంటున్న ఆ నెలల్లోనే, రాజ్యం చీలిక వైపు నడుస్తున్నది.

3. రజాకారు దళం ఎలా పుట్టింది?

హైదరాబాదు సంస్థానం 82 వేల చదరపు మైళ్లకు పైబడిన దేశం. 1941 జనాభా లెక్కల ప్రకారం ప్రజలు సుమారు 1 కోటి 63 లక్షలు. అందులో ముస్లింలు నూటికి దాదాపు 13 మంది. పాలకుడు, పై ఉద్యోగులు, సైన్యాధికారులు ఎక్కువగా ఆ వర్గంవారే. ప్రజాస్వామ్యం వస్తే తమ స్థానం పోతుందన్న భయం ఆ వర్గంలో సహజంగానే ఉండేది.

ఆ భయానికి సంస్థా రూపం 1927లో స్థాపించబడిన మజ్లిస్. 1938లో దాని అధ్యక్షుడైన బహదూర్ యార్ జంగ్ గొప్ప వక్త. దక్కను ముస్లింలలో ప్రతి ఒక్కడూ రాజ్యాధికారంలో భాగస్వామే, నిజాం వారి అధికారానికి చిహ్నం మాత్రమే అన్న "అనల్ మాలిక్" సిద్ధాంతానికి ఆయన ప్రచారం ఇచ్చారు. రజాకారు అంటే స్వచ్ఛంద సేవకుడని అర్థం. ఆ దళం ఆయన కాలంలోనే మొదలైనా, ఆయన 1944లో మరణించే వరకు దానికి తరువాతి కాలపు రూపం రాలేదు. 1946లో లాతూరు న్యాయవాది కాసిం రజ్వీ నాయకత్వానికి వచ్చాక అది సాయుధ దళమైంది.

వేదాంత విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. రాజకీయ ఇస్లాం సిద్ధాంతకర్తలలో ప్రముఖుడైన మౌదూదీ ఈ సంస్థానంలోని ఔరంగాబాదులోనే 1903లో జన్మించాడు. 1941లో జమాతె ఇస్లామీని స్థాపించాడు. కాని రజాకార్ల సిద్ధాంతం ఆయనది కాదు. షరియతు రాజ్యం స్థాపించడం వారి ప్రధాన లక్ష్యం కాదు. ఉన్న రాజవంశాన్ని, దాని చుట్టూ ఉన్న ఒక వర్గపు ఆధిపత్యాన్ని కాపాడటం వారి లక్ష్యం. కాబట్టి వారిని "ఇస్లామిస్టులు" అనడం సగం నిజం మాత్రమే. మతం వారి నినాదం, ఆధిపత్యం వారి ప్రయోజనం.

మిగిలిన సగం పల్లెల్లో కనిపిస్తుంది. కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతులు తిరగబడిన చోట్ల, హిందువులైన దేశ్‌ముఖులు కొందరు తమ గడీలను, భూములను కాపాడుకోవడానికి రజాకార్లను ఆశ్రయించారు. జనగామ ప్రాంతపు విసునూరు దేశ్‌ముఖు ఉదంతం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. మరోవైపు దళితులను తమవైపు తిప్పుకొనే ప్రయత్నమూ జరిగింది. దళిత నాయకుడు బి. ఎస్. వెంకటరావు నిజాం మంత్రివర్గంలో చేరారు. శ్యాంసుందర్ ఐక్యరాజ్య సమితికి వెళ్లిన నిజాం ప్రతినిధి వర్గంలో ఉన్నారు. అయితే డాక్టర్ అంబేద్కర్ 1947 నవంబరులో, షెడ్యూల్డు కులాలవారు నిజాం పక్షం వహించవద్దని బహిరంగంగా కోరారు. మన సంఘాలలో అత్యధికులు ఆ కులాల నుండి వచ్చినవారే గనుక, ఆ నెలల్లో మన పెద్దల ముందున్న ప్రశ్న ఎంత కఠినమైనదో ఊహించవచ్చు. ఒకవైపు ఊరి దొర, మరోవైపు రజాకారు, ఇంకోవైపు సంఘం పోరాటం. ఎవరి పక్షం వహించినా మిగిలిన ఇద్దరూ శత్రువులే.

4. పదమూడు నెలలు

1947 జూన్‌లో నిజాం తాను ఏ దేశంలోనూ చేరనని ఫర్మానా ద్వారా ప్రకటించాడు. అక్టోబరు చివర, భారత ప్రభుత్వంతో ఒప్పందానికి బయలుదేరనున్న ప్రతినిధుల ఇళ్లను రజాకార్ల జనసమూహం చుట్టుముట్టింది. ప్రధాని ఛత్తారీ నవాబు రాజీనామా చేశాడు. నవంబరు 29న యథాతథ ఒప్పందం కుదిరినా, తరువాత ప్రధాని అయిన మీర్ లాయక్ అలీ ప్రభుత్వం మీద రజ్వీ నీడ పడింది. ఒక స్వచ్ఛంద దళం రాజ్యం కంటే బలవంతమైన గడియ అది. అప్పటి నుండి నిజాం కూడా వెనుకకు రాలేని స్థితిలో పడ్డాడు.

గ్రామాల మీద దాడులు, దోపిడులు, హత్యలు పెరిగాయి. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో ఎనభై మందికి పైగా గ్రామస్థులు హతులయ్యారు. నిజామాబాదు కోటలోని జైలు రాజకీయ ఖైదీలతో నిండింది. కవి దాశరథి కృష్ణమాచార్యులు, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ కలిసి బందీలుగా ఉన్నారు. దాశరథి బొగ్గుతో జైలు గోడ మీద పద్యాలు రాసిన కథ ఇందూరు బడిపిల్లలకు కూడా తెలుసు.

ముస్లింలందరూ రజాకార్లు కాదన్న మాటకు రక్తంతో సాక్ష్యం పలికిన వ్యక్తి ఒకరున్నారు. ఆయన "ఇమ్రోజ్" ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. భారతదేశంలో విలీనమే మేలని కొందరు ముస్లిం ప్రముఖులు 1948 ఆగస్టులో చేసిన ప్రకటనను ఆయన తన పత్రికలో ప్రచురించాడు. అదే నెలలో కాచిగూడలో ఆయనను నరికి చంపారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం షోలాపూరు, బెజవాడ మొదలైన దిక్కుల నుండి ప్రవేశించింది. ఐదు రోజులలో నిజాం లొంగిపోయాడు. 18న సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌధురి ఎదుట లొంగిపోయాడు. ఈటెలు, కత్తులు, పాత తుపాకులతో ఎర్రకోట మీద జెండా ఎగరేస్తామన్న దళం ఐదు రోజులకు మించి నిలువలేకపోయింది. రజ్వీ జైలుకు వెళ్లి, 1957లో విడుదలై, పాకిస్తాను చేరి, 1970లో కరాచీలో మరణించాడు.

5. పరదేశీయులు ఎంతమంది? ఎవరు?

ఆ రోజుల్లో పుకార్లకు కొదవ లేదు. వేలాది పఠాన్లు దిగారని, అరబ్బు సేనలు వస్తున్నాయని, పాకిస్తాను విమానాలు బొంబాయి మీద బాంబులు వేస్తాయని జనం చెప్పుకున్నారు. వాస్తవాన్ని నాలుగు వర్గాలుగా విడదీసి చూడాలి.

మొదటి వర్గం అరబ్బులు. యెమెన్‌లోని హద్రమౌత్ నుండి తరతరాల క్రితమే వచ్చి నిజాం దళాలలో పనిచేసినవారి సంతతి వీరు. హైదరాబాదులోని బార్కస్ పేరు "బ్యారక్స్" నుండి వచ్చినదే. వీరి తల్లులు, భార్యలు చాలావరకు దక్కనువారే.

రెండవ వర్గం పఠాన్లు, రోహిలాలు. వీరిలో కొందరు సైనికులు, కొందరు వడ్డీ వ్యాపారులు. అప్పు వసూలుకు కర్ర పట్టుకొని వచ్చే రోహిలా అంటే పల్లెల్లో పాత భయమే. 1948లో ఆ పాత భయం కొత్త పేరు తెచ్చుకున్నది.

మూడవ వర్గం శరణార్థులు. దేశ విభజన అల్లర్లలో మధ్య పరగణాలు, బీరారు మొదలైన చోట్ల నుండి పారిపోయి వచ్చిన ముస్లింలు వీరు. అన్నీ పోగొట్టుకొని వచ్చిన యువకులలో కొందరు రజాకార్లలో చేరారు. పగతో వచ్చినవాడికి స్థానికుడికి ఉండే పొరుగు మొహమాటం ఉండదు. ఇదే సమయంలో సంస్థానంలోని హిందువులు అనేకులు సరిహద్దులు దాటి శరణార్థులయ్యారన్నదీ మరువరాదు.

నాలుగవది, నిజంగా పరదేశీయుడు అనదగినవాడు ఒక ఆస్ట్రేలియా విమాన చోదకుడు, సిడ్నీ కాటన్. యూరపులో కొన్న ఆయుధాలను లాంకాస్ట్రియన్ విమానాలలో కరాచీ నుండి రాత్రివేళ బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు చేరవేశాడు. ఆయన వచ్చింది ఒప్పందం ప్రకారం, సొమ్ము కోసం. తరువాత లండను న్యాయస్థానం ఆయనకు విధించిన జరిమానా 200 పౌండ్లు.

ఈ లెక్క చూస్తే తేలేది ఇది. మతావేశంతో సముద్రాలు దాటి వచ్చిన యోధుల యుద్ధం కాదు ఇది. దళంలో అత్యధికులు ఇక్కడివారే. పరదేశీయుల సంఖ్య కంటే పరదేశీయుల పుకారే పెద్దది. అయినా పోలీసు చర్య తరువాత ఆ పుకారు ఫలితాన్ని అనుభవించినవారు నిజమైన మనుష్యులు. అరబ్బులను, పఠాన్లను నిర్బంధించి, "స్వదేశాలకు" పంపే ప్రయత్నాలు జరిగాయి. హైదరాబాదులోనే పుట్టి, చూడని దేశానికి వెళ్లమంటే ఏ దేశానికి వెళ్లాలన్నది వారి ప్రశ్న.

6. ఇతర దేశాలతో పోలిక

చెచెన్యాలో 1991లో మొదలైన ఉద్యమం ప్రధానంగా జాతీయోద్యమం. 1995లో ఖత్తాబ్ అనే అరబ్బు యోధుడు వచ్చి చేరాడు. అతనూ, స్థానిక నాయకుడు బసాయెవూ కలిసి 1999లో పొరుగున ఉన్న దాగెస్తాన్ మీదికి దండెత్తడంతో యుద్ధం స్వభావమే మారిపోయింది. కాశ్మీరులోనూ 1989 తరువాత స్వాతంత్ర్యం కోరిన స్థానిక దళాలను, పాకిస్తాను అండగల దళాలు, వాటి వెంట వచ్చిన పరదేశీ యోధులు క్రమేణా వెనుకకు నెట్టారు. లష్కరె తోయిబా అందులో ముఖ్యమైనది.

మూడు చోట్లా సమానంగా కనిపించే లక్షణం ఒకటుంది. మితవాదులు చావవలసి వచ్చింది, అదీ సొంత మతస్థుల చేతిలో. హైదరాబాదులో షోయబుల్లా ఖాన్, శ్రీనగర్‌లో 1990 మే 21న హతుడైన మీర్వాయిజ్ మౌల్వీ ఫారూక్, గ్రోజ్నీలో 2004 మే 9న బాంబుకు బలైన మాజీ ముఫ్తీ అహ్మద్ కదిరోవ్. సాయుధ దళం ముందు తన వారి నోరు మూయిస్తుంది. ఆ నోళ్లు మూతపడ్డాక, బయటివారికి ఆ వర్గమంతా ఒకే గొంతుగా వినిపిస్తుంది.

తేడా కూడా ఉన్నది. చెచెన్యాకు, కాశ్మీరుకు కొండలూ సరిహద్దులూ ఉన్నాయి. హైదరాబాదు నలుదిక్కులా భారతదేశమే. పైగా అక్కడ వేర్పాటు కోరినది ప్రజలలో అధిక సంఖ్యాకులు కాదు, పాలక వర్గం. అందుకే ఆ ప్రయత్నం ఐదు రోజులలో కూలింది.

7. తరువాత జరిగినది

చరిత్ర సెప్టెంబరు 18తో ముగియలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం 1948 నవంబరు, డిసెంబరులలో సంస్థానంలో పర్యటించింది. పోలీసు చర్య సమయంలోనూ, తరువాతనూ జరిగిన ప్రతీకార హింసలో 27 వేల నుండి 40 వేల మంది వరకు మరణించి ఉంటారని అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లింలు, రజాకార్లతో సంబంధం లేనివారు అనేకులు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా నష్టపోయాయి. నాందేడు బోధన్‌కు పొరుగు జిల్లాయే. ముస్లింలను కాపాడటానికి ప్రాణాలకు తెగించిన హిందువుల గురించి కూడా ఆ నివేదిక చెప్పింది. 2013 వరకు ఆ నివేదిక ప్రజలకు అందలేదు.

కాబట్టి ఒక గ్రామంలో "రజాకార్ల కాలం" అంటే ఒక వీధికి 1948 సెప్టెంబరుకు ముందటి నెలలు గుర్తుకు వస్తాయి, మరొక వీధికి తరువాతి నెలలు గుర్తుకు వస్తాయి. రెండు వీధుల కన్నీరూ నిజమే. ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయరాదు.

8. సంఘానికి దగ్గరి ఉదాహరణ: 2000 సంవత్సరం

ఈ విషయం క్రైస్తవులను నేరుగా తాకిన సందర్భం ఒకటుంది. 2000 జూన్‌లో ఒంగోలు, తాడేపల్లిగూడెం చర్చిలలోనూ, కర్ణాటక, గోవాలలోని చర్చిలలోనూ బాంబులు పేలాయి. 1999లో ఒరిస్సాలో గ్రాహం స్టెయిన్స్ హత్య జరిగి ఎంతో కాలం కాలేదు. అందువల్ల చాలామంది, మనలో కాపరులు సహా, హిందూ సంస్థలనే అనుమానించారు. జూలైలో బెంగళూరులో బాంబులు తీసుకుపోతున్న వ్యాను పేలి, అందులోని ఇద్దరు మరణించడంతో అసలు సంగతి బయటపడింది. ఆ పని హైదరాబాదు ఆసిఫ్‌నగర్ కేంద్రంగా ఉన్న దీన్‌దార్ అంజుమన్ అనే చిన్న శాఖ సభ్యులదని దర్యాప్తులో తేలింది. దాని నాయకుడు పాకిస్తానులోని మర్దాన్‌లో ఉండేవాడు. 2001లో ఆ సంస్థ నిషేధించబడింది. 2008లో బెంగళూరు ప్రత్యేక న్యాయస్థానం నిందితులు పలువురికి శిక్షలు విధించింది. ప్రధాన స్రవంతి ముస్లిం పండితులు ఆ శాఖ బోధలను ఎన్నడూ అంగీకరించలేదు.

ఇందులో మనకు రెండు మందలింపులు ఉన్నాయి. రుజువు రాకముందే ఒక మతంవారిని దోషులుగా ప్రకటించినవారు పొరపడ్డారు. రుజువు వచ్చాక ఒక చిన్న శాఖ నేరాన్ని మొత్తం ముస్లిం సమాజానికి అంటగట్టినవారూ అంతే పొరపడ్డారు.

9. నేటి ఇందూరు, బోధన్‌లో కాపరి

2022 మార్చి 20న బోధన్‌లో శివాజీ విగ్రహం విషయమై రెండు వర్గాల మధ్య ఘర్షణ జరిగింది, నిషేధాజ్ఞలు విధించవలసి వచ్చింది. అదే సంవత్సరం జూలైలో నిజామాబాదులో నమోదైన ఒక కేసు జాతీయ దర్యాప్తు సంస్థకు వెళ్లింది. ఆ సెప్టెంబరు 28న కేంద్ర ప్రభుత్వం పాపులర్ ఫ్రంట్‌ను ఐదేళ్లపాటు నిషేధించింది. నిందితుల దోషం తేల్చడం న్యాయస్థానం పని. సెప్టెంబరు 17ను విమోచన దినమనాలా, సమైక్యతా దినమనాలా అన్న వాదన ప్రతి ఏడూ వస్తున్నది. ఇక 2015 డిసెంబరులో మూతపడిన చక్కెర కర్మాగారం అన్ని మతాల కుటుంబాల ఉపాధినీ తీసుకుపోయింది. పనిలేని యువకుడి చెవికి ఏ ఆవేశపు మాటైనా త్వరగా ఎక్కుతుంది.

ఇటువంటి చోట కాపరి చేయదగినవి కొన్ని సూచిస్తున్నాము.

మొదటిది, మాటను తూచి వాడాలి. రజాకారు అన్నది ఒక కాలానికి చెందిన ఒక దళం పేరు. దాన్ని నేటి పొరుగువాడికి పెట్టడం పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం అవుతుంది (నిర్గమ 20:16).

రెండవది, వృద్ధుల జ్ఞాపకాలను వారు ఉండగానే రాసిపెట్టాలి. ఎనభై దాటినవారు ఇంకా కొద్దిమందే మిగిలారు. వేదాంత విద్యార్థులు సెలవుల్లో తమ సంఘాలకు వెళ్లినప్పుడు ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురితో మాట్లాడినా విలువైన సమాచారం సమకూరుతుంది. క్రైస్తవ పేటతోపాటు మిగిలిన పేటలనూ అడగాలి. చూసినది ఏది, విన్నది ఏది అని వేరు చేసి రాయాలి.

మూడవది, పుకారు సంఘంలోకి వచ్చినప్పుడు దాన్ని ఆపే మొదటి గడప కాపరి ఇల్లు కావాలి. 1948లో పుకారు కాలినడకన ప్రయాణించింది, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో క్షణంలో చేరుతుంది.

నాలుగవది, ఎదుటి వర్గంలోని షోయబుల్లాలను గుర్తించాలి, వారితో స్నేహం చేయాలి. తన వారి ఎదుట నిలబడి మాట్లాడేవాడికి బయటి నుండి ఒక్క స్నేహితుడున్నా అతని గొంతు నిలుస్తుంది.

ముగింపు

హైదరాబాదు ఉదంతంలో పరదేశీ యోధుడు కథలో ఎక్కువగా, యుద్ధంలో తక్కువగా కనిపించాడు. ఊళ్లను తగలబెట్టినవారూ, తరువాత పగ తీర్చుకున్నవారూ ఎక్కువమంది ఆ నేల మనుష్యులే. చెడును బయటివాడి మీదికి నెట్టివేస్తే మనస్సు తేలిక పడుతుంది గాని, ఊరు బాగుపడదు. డిచ్‌పల్లి ఆసుపత్రిలో పుండు కట్టినవారు రోగి ఏ మతంవాడని చూడలేదు, పుండు ఎక్కడున్నదో చూశారు. ఆ చూపు నేటి ఇందూరు, బోధన్ సంఘాలకు కావాలి.